బూజుదారాల బట్వాడా

బూజు మీద పరిశోధన చేస్తానన్న రోజునే మాస్టారు తన శిష్యురాలికి బూజమ్మ అని పేరు పెట్టేశారు. ఆ పేరే నిలిచిపోయింది. ఆయన రిటైరయ్యాక ఆ ప్రయోగశాల ఆమె చేతికొచ్చింది. ఒక్క విషయంలో మాత్రం ఇద్దరికీ ఎప్పుడూ పడేది కాదు. వేళ్ళను అంటిపెట్టుకుని బతికే బూజు, మొక్క పెట్టిన చక్కెరనంతా తానే తినేస్తుందని ఆయన వాదం. అందులో కొంత చుట్టుపక్కల మట్టిలోని బాక్టీరియాకూ అందుతుందని ఆమె నమ్మకం.

చివరికి ఆమె కుండీలను సన్నని వలగుడ్డతో రెండు అరలు చేసింది. ఒకదానిలో మొక్క, రెండోదానిలో ఉత్త మట్టి. వేళ్ళు ఆ గుడ్డను దాటలేవు, బూజు సాచే సన్నటి దారాలు దాటుతాయి. మొక్కల మీద ప్లాస్టిక్ డేరా కట్టి, మామూలుకన్నా కాస్త బరువైన కార్బన్ ఉన్న గాలి వదిలింది. ఆ గాలితో మొక్క చేసే చక్కెరకు ఆ బరువే ఆనవాలు. కొన్నాళ్ళకు చూస్తే, ఉత్త మట్టిలోని బాక్టీరియా ఒంట్లో అదే కార్బన్! దారాలు తెంపేసిన కుండీల్లో మాత్రం లేదు.

కాళ్ళు నేల మీద నిలవక మాస్టారింటికి వెళ్ళింది. ఆయన అంతా విని కళ్ళజోడు తుడుచుకున్నారు.

“బూజు ఊపిరి వదలదా అమ్మాయ్? ఆ వదిలిన గాలిలోంచే నీ బాక్టీరియా కార్బన్ లాక్కుని ఉండొచ్చుగా? దారాలు తెంపితే ఊపిరీ పోతుంది. ఇక తేడా ఎలా తెలుస్తుంది?”

ఆమె మొహం మాడిపోయింది. “శభాష్ అనడానికి నోరు రాలేదా మాస్టారూ?” అనేసి వచ్చేసింది.

ఇంట్లో భర్త బట్టలు మడతపెడుతున్నాడు. “ఓడిపోవడం ఆయనకు చేతకాదు,” అంటూ జరిగిందంతా వెళ్ళగక్కింది.

“ఊరికే కాదన్నారా, కారణం చెప్పారా?” అన్నాడతను.

ఆమె దుప్పటి రెండో కొస అందుకుని మడత కలిపింది. కారణం చెప్పారు. అదీ, తనకు తట్టాల్సిన కారణం.

మళ్ళీ మొదటికొచ్చింది. గాలి మాత్రమే చొరబడే పొరతో చిన్న సంచులు కుట్టి, వాటినిండా మట్టి పోసి, దారాలు అల్లుకునే చోటే పాతింది. ఊపిరి వల్లే అయితే సంచిలోని బాక్టీరియాకూ, బయటి వాటికీ సమానంగా అందాలి.

సమానంగా అందలేదు. సంచుల్లో కొద్దిగా ఉంది. బయట, దారాలు తాకే మట్టిలో, దానికి ఎన్నో రెట్లు ఉంది.

ఈసారి ఆమె నెమ్మదిగానే వెళ్ళింది. మాస్టారు కాగితాలు ముందుకీ వెనక్కీ తిప్పి చూశారు.

“కొంత ఊపిరి వాటా ఉంది. మీరన్నది నిజమే,” అందామె.

“కొసరు నాకు పడేసి అసలు నువ్వు పట్టుకుపోయావు.” ఆయన కాగితాలు పక్కన పెట్టారు. “ఎంతమంది పిల్లలకు తప్పు పాఠం చెప్పానో!”

“మీరు తప్పని నాకు పెళ్ళైన కొత్తలోనే తెలుసు. నన్నెవరడిగారు?” అంది ఆయన భార్య, కుర్చీ దగ్గరికి లాక్కుంటూ.

మాస్టారు నవ్వలేదు. “ఆ దారాలు ఒకసారి చూపిస్తావా?” అన్నారు, చిన్నగా.

రిటైరయ్యాక ఆయన ప్రయోగశాల మెట్లెక్కడం అదే మొదలు. మధ్యలో రెండుసార్లు ఆగారు, ఆమె భుజం అందిస్తే వద్దన్లేదు. మైక్రోస్కోపులో తెల్లటి దారం, దాన్ని ఆనుకుని చుక్కల్లా బాక్టీరియా. చూస్తూ ఆయన ఎంతకీ కన్ను తీయలేదు.

“నాకూ చూపించండి,” అని కూడా వచ్చిన భార్య వెనకనుంచి గొణిగింది.

“ఉండవే!” అన్నారు మాస్టారు.