చెల్లెలి మాత్రలు

ఒకరి కొలతలతో ఇంకొకరికి కుట్టమంటే కస్సుమనే దర్జీ అక్కకి, ఆరోజు డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తక తప్పలేదు. ముట్లుడిగిన ఇన్నేళ్ళకి మళ్ళీ రక్తం కనిపించింది మరి.

డాక్టరమ్మ కంగారు పెట్టలేదు. "మాత్రలేమైనా వేసుకుంటున్నారా?" అని మెల్లగా అడిగింది.

అక్క సంచిలోంచి మాత్రల అట్ట తీసింది. "మా చెల్లెలివి. ఒంట్లో ఆవిర్లు తగ్గుతాయంటే వేసుకున్నా. ఇద్దరం ఒక తల్లి బిడ్డలమే కదా!"

"ఆమెకి గర్భసంచి తీసేశారా?"

"అయ్యో, మీకెలా తెలుసు?"

"ఇందులో ఈస్ట్రోజెన్ ఒక్కటే ఉంది. గర్భసంచి ఉన్న మీకు అదొక్కటే పడితే లోపలి పొర మందమవుతుంది. పోనుపోను క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. మీకు దాన్ని అదుపు చేసే ఇంకో హార్మోను కూడా కావాలి."

వారం తర్వాత, ఆ పొర నుంచి తీసిన ముక్క పరీక్షలో క్యాన్సర్ లేదని, పొర మందం మందులతో తగ్గుతుందని తేలింది. అక్కకి ప్రాణం లేచొచ్చింది. రెండే ప్రశ్నలతో గుట్టు లాగిన ఆ మనిషిని కళ్ళప్పగించి చూసింది. తెల్లకోటు చేతులు వేళ్ళ మీదికి జారుతుంటే ఆమె మాటిమాటికీ పైకి మడుచుకుంటోంది.

అక్క మెడలోని టేపు తీసింది.

"చెయ్యి చాపండి డాక్టరమ్మా. ఎవరి కొలతకో కుట్టింది మీకు మాత్రం ఎందుకు?"