నాలుగు బిళ్ళలు

"సముద్రం చూడ్డానికి వెళ్తున్నామా, కాపురం పెట్టడానికి వెళ్తున్నామా?" కారు డిక్కీలోకి ఆమె మరో సంచి ఎత్తుతుంటే అత్తగారు అడిగింది. ఆ అడిగిన నోటితోనే దారిలో మంచినీళ్ళడిగింది, నడుముకి దిండడిగింది, ఎండకి గొడుగడిగింది. అన్నీ ఆ సంచుల్లోంచే వచ్చాయి. ఏదైనా లేకపోతే మాట పడాలి గానీ, ఉన్నందుకు మెచ్చుకునే ఆచారం ఆ ఇంట్లో లేదు.

ఆమె ఆపరేషన్ థియేటర్లో నర్సు. కోత పెట్టే ముందు ఎన్ని గుడ్డలున్నాయి, ఎన్ని కత్తెరలున్నాయి అని లెక్కపెట్టడం, కుట్లు వేసే ముందు మళ్ళీ లెక్కపెట్టడం ఆమె పని. "లెక్క సరిపోయింది" అని ఆమె నోటితో అనేదాకా ఎంత పెద్ద డాక్టరైనా సూది ముట్టుకోడు. ఇంట్లో మాత్రం "మా ఆవిడకి లెక్కల పిచ్చి" అని భర్త పదిమందిలో నవ్విస్తాడు. పిల్లల బూట్లు, తల్లి మాత్రలు, తన తాళంచెవులు ఎక్కడున్నాయో అడగాల్సి వస్తే ఆ పిచ్చిదాన్నే అడుగుతాడు.

జాతీయ ఉద్యానవనం అంటే పూలమొక్కలేమో అనుకున్న అత్తగారు, సముద్రంలోకి నిలువునా దిగిన ఆ నల్లరాతి కొండల్ని చూసి గుండె పట్టుకుంది. కొండ కింద ఇసుకలోకి ఒకటే మెట్లదారి. సాయంత్రం పోటొస్తే ఆ ఇసుకంతా మునిగిపోతుంది. అందుకని దారి మొదట్లో కాపలాదారు మనిషికో ఇత్తడి బిళ్ళ ఇస్తాడు. పైకొచ్చాక అది తిరిగి అతని పక్కనున్న పలకమీది మేకుకి తగిలించాలి. ఏ మేకైనా ఖాళీగా ఉంటే, పోటు రాకముందే తాడు పట్టుకుని వెతకడానికి దిగుతాడు. భర్త వెళ్ళి బిళ్ళలు తీసుకుని జేబులో వేసుకున్నాడు. అప్పుడామె తల డిక్కీలో ఉంది. సంచులు మోసుకుని ఆమె వెనకాల దిగేసరికి కాపలాదారు ఇంకెవరికో బిళ్ళలిస్తున్నాడు.

మధ్యాహ్నం బాగానే గడిచింది. భర్త ఇసుక చివరున్న గుహ నీడలో పడుకున్నాడు, పిల్లలు గవ్వలేరుకున్నారు, ఆమె గిన్నెలు కడుక్కుంది. సామాను సర్దాక కాసేపు నీళ్ళలో పాదాలు పెట్టుకుని నిలబడితే, ఎన్నాళ్ళకో ఒళ్ళు తేలికైనట్టనిపించి నవ్వొచ్చింది. సరిగ్గా అప్పుడే భర్త కేకేశాడు.

"ఏమోయ్! గుహలో నా కళ్ళజోడు మర్చిపోయాను, తెచ్చిపెట్టు. మేం పైకెక్కుతుంటాం."

గుహ దూరం. కళ్ళజోడు చేతికి దొరికి వెనక్కి తిరిగేసరికి ఇసుక లేదు. మోకాళ్ళ లోతు నీళ్ళు చూస్తుండగానే నడుం దాటాయి. అల వచ్చి రాతికేసి కొట్టింది. ఆమె అరిచింది. ఎవరో ఒకరొస్తారు, తన బిళ్ళ మేకుకి లేదుగా, కాపలాదారు ఈపాటికి తాడు తీసే ఉంటాడు అనుకుంటూ రాళ్ళు పట్టుకుని పాకింది. ఆ ఒక్క ఆశతోనే పాకింది. మెట్లమీద పడ్డాక కూడా పైనుంచి ఎవరూ రాలేదు.

తడిసి ముద్దయి, మోకాళ్ళు చీరుకుపోయి పైకొస్తే కాపలాదారు మెట్లదారి గేటుకి గొలుసు చుడుతున్నాడు. ఆమెని చూసి దయ్యాన్ని చూసినట్టు బిగుసుకుపోయాడు.

"అమ్మా! కింద... కింద ఎవరూ లేరే! బిళ్ళలన్నీ వచ్చేశాయి!"

ఆమె పలకమీదకి చూసింది. ఒక్క మేకూ ఖాళీగా లేదు.

"మా వాళ్ళు ఎన్ని తీసుకున్నారు?"

"నాలుగమ్మా. సారు, పెద్దావిడ, ఇద్దరు పిల్లలు."

మొదటి లెక్కే తప్పయితే చివరి లెక్క ఎప్పుడూ సరిపోతుంది, ఎవరూ వెతకరు. కొత్తగా చేరే నర్సులకి ఆమె మొదట నేర్పే పాఠం అదే. కడుపులో ఉండిపోయిన గుడ్డ తానే అవుతుందని ఏనాడూ అనుకోలేదు.

కారు అద్దం కిందకి దిగింది. "దొరికిందా కళ్ళజోడు?" అన్నాడు భర్త. తర్వాత ఆమె మోకాళ్ళు చూసి, "అయ్యో, ఏమైంది?" అన్నాడు.

"నాకు బిళ్ళెందుకు తీసుకోలేదు?"

అతను నిజంగానే తెల్లబోయాడు. "తీసుకోలేదా? ఎప్పుడూ లెక్కపెట్టేది నువ్వేగా! మనుషుల్ని చూసి చెప్పానంతే."

కూతురు ఏడుస్తూ పరిగెత్తుకొచ్చింది. "అమ్మ రాలేదని చెప్పానమ్మా! 'మీ అమ్మ ఎక్కడికి పోతుంది, అదే వస్తుంది' అన్నారు నాన్న."

"పెద్ద గేటు మూసెయ్యాలి సార్," అన్నాడు కాపలాదారు. "ఈసారైనా సరిగ్గా చెప్పండి. మీ కారులో ఎంతమంది?"

"ఐదుగురం," అన్నాడు భర్త, వేళ్ళు మడిచి చూసుకుని.

పక్కనే ఉద్యానవనం ఉద్యోగుల బస్సు ఊళ్ళోకి బయల్దేరబోతోంది. ఆమె కూతురి కళ్ళు తుడిచి, "రేపు పొద్దున్నే వచ్చి నిన్నూ తమ్ముణ్ణీ తీసుకెళ్తాను," అంది. కళ్ళజోడు కారు బానెట్ మీద పెట్టి, బస్సు మెట్టెక్కబోతూ కాపలాదారు వైపు తిరిగింది.

"నలుగురేనయ్యా. పొద్దున ఆయన చెప్పిన లెక్కే సరైనది."