క్లియోఫస్ ఎముకలు

వదిన ఓజెల్లా చేసి తెచ్చిన చిలగడదుంపల తీపిరొట్టె సుబ్బరంగా తిన్నాడు గానీ, హోసియా అర్జీ మీద సంతకం మాత్రం పెట్టలేదు.

"క్షమాభిక్షా? ఏం తప్పు చేశాడని మా అన్నని క్షమిస్తారు వదినా?" అన్నాడు మూతి తుడుచుకుంటూ. "అడగాల్సింది వాళ్లా, మనమా?"

ఓజెల్లా తలొంచుకుంది. అర్జీ కాగితాన్ని మళ్లీ అతని ముందుకి జరిపింది.

డెబ్బై ఏళ్ల కిందట ఆమె మొదటి మొగుడు, నల్లవాడైన క్లియోఫస్, జిల్లా సంతలో జరిగిన బాక్సింగ్ పోటీలో తెల్ల ఛాంపియన్‌ని ఐదో రౌండులో పడగొట్టాడు. తెల్లవాళ్లకి ఆ గెలుపు మింగుడుపడలేదు. నెల తిరక్కుండానే, పెట్రోలు బంకు యజమానిని కొట్టి చంపాడని అతన్ని పట్టుకుపోయారు. నిజానికి ఆ పోటీలోనే అతని కుడిచెయ్యి విరిగింది. చొక్కా గుండీలు కూడా ఓజెల్లాయే పెట్టేది. కట్టు కట్టిన డాక్టర్ని కోర్టు పిలవనే లేదు. జూరీలో అందరూ తెల్లవాళ్లే. భోజనాల వేళకి ముందే దోషి అని తేల్చేసి ఇళ్లకు పోయారు. యావజ్జీవం పడింది. రెండో వేసవిలో జైలు పొలంలో పత్తి ఏరుతూ ఎండకి కుప్పకూలిపోయాడు. శవాన్నయినా ఇవ్వలేదు, అక్కడే నది గట్టున పూడ్చిపెట్టారు.

ఇప్పుడు నది ఆ గట్టును కోసుకుపోతోంది. కిందటి వరదకి రెండు వరసల సమాధులు కొట్టుకుపోయాయి. ప్రభుత్వం క్షమిస్తే తప్ప ఖైదీ ఎముకలు కదపడానికి వీల్లేదన్నారు జైలువాళ్లు. ఓజెల్లా మళ్లీ పెళ్లి చేసుకుంది గనక, అర్జీ పెట్టే హక్కు రక్తసంబంధీకుడైన హోసియాకే ఉంది.

"నువ్వు ఇంకొకడి పేరు తగిలించుకున్నావు. నీకెందుకీ ఆరాటం?" అన్నాడు హోసియా.

"లెస్టర్ మంచోడు. నా పిల్లల తండ్రి. అయినా మీ అన్నని మర్చిపొమ్మని ఆయన ఒక్కనాడూ అనలేదు" అంది ఓజెల్లా. "మళ్లీ వరదొస్తే వెతుక్కోడానికి పుల్లంత ఎముక కూడా మిగలదు. నీ పౌరుషం నాకు తెలుసు అబ్బాయ్. దానికోసం మీ అన్నని నీళ్లపాలు చేస్తావా?"

హోసియా తన చక్రాల కుర్చీని కిటికీ వైపు తిప్పుకున్నాడు. చివరికి కలం అందుకున్నాడు.

"విచారణలో నిజమే చెప్పాలి మరి" అన్నాడు. ఓజెల్లా సరేనంది.

విచారణ నాడు మనవరాలు రెనెటా ఇద్దర్నీ రాజధానికి కారులో తీసుకెళ్లింది. క్షమాభిక్ష బోర్డు సభ్యులు మర్యాదగానే మాట్లాడారు. మంచినీళ్లిచ్చారు. ఓజెల్లా విరిగిన చెయ్యి సంగతంతా చెప్పింది. అధ్యక్షుడు ఓపిగ్గా విని, కళ్లద్దాలు తీసి పక్కన పెట్టాడు.

"అమ్మా, పాత తీర్పును కొట్టెయ్యడం మా పని కాదు. క్షమించడం వరకే మా చేతుల్లో ఉంది. చేసినదానికి ఆయన ఎప్పుడైనా పశ్చాత్తాపపడ్డారా?"

పక్కన హోసియా చెయ్యి ఆమె చేతిలో బిగుసుకుంది. ఓజెల్లాకి జైలు కటకటాల వెనక క్లియోఫస్ మొహం కనబడింది. 'ఓజీ, నేను వాణ్ణి తాకనైనా తాకలేదే' అని ఏడ్చిన మొహం. ఆ వెనకే బురదనీళ్లు, విరిగిపడుతున్న గట్టు.

"పడ్డాడు బాబూ" అంది. "చాలా బాధపడ్డాడు."

హోసియా చెయ్యి లాగేసుకున్నాడు. తిరిగొచ్చేటప్పుడు కారులో మొహం పక్కకి తిప్పుకునే కూర్చున్నాడు. "అమ్మమ్మా, ఇంకేం చెయ్యగలవు నువ్వు?" అంది రెనెటా. ఓజెల్లా మనసుకి ఆ ఓదార్పు పట్టలేదు.

క్షమాభిక్ష వచ్చింది. పేపర్లో క్లియోఫస్ ఫొటో వేసి, రాష్ట్రం పెద్ద మనసు చేసుకుందని రాశారు. పొరుగువాళ్లు కేకులు పట్టుకొచ్చి కౌగిలించుకున్నారు. ఓజెల్లా తలుపేసుకుని, మంచం పట్టె మీద కూర్చుని, నోట్లో రుమాలు కుక్కుకుని ఏడ్చింది.

జైలువాళ్లు తవ్వి ఇచ్చిన ఎముకలు చిన్న పెట్టెలో పట్టాయి. చర్చి పక్క నేలలో, క్లియోఫస్ తల్లి సమాధి పక్కనే గొయ్యి తీశారు. హోసియా రాడనే అనుకుంది ఓజెల్లా. వచ్చాడు. చక్రాల కుర్చీని గొయ్యి అంచుదాకా తోయించుకున్నాడు.

"పాస్టరుగారూ, ఆగండి" అన్నాడు. తర్వాత ఆమె వైపు తిరిగాడు. "వదినా, బోర్డు ముందు ఏమన్నావో అన్న విన్నాడు. ఇప్పుడు నిజం చెప్పు."

ఓజెల్లా ముందుకి కదిలింది. రెనెటా పట్టుకోబోతే విదిలించుకుని, గొయ్యి పక్కన మోకాళ్ల మీద కూలబడింది.

"నువ్వు ఎవర్నీ కొట్టలేదు క్లియో" అంది. "నీ చెయ్యి విరిగుంది. నువ్వు చెయ్యలేదు. నేను అబద్ధమాడాను. నువ్వు చెయ్యలేదు."

అరుస్తూనే ఉంది, గొంతు బొంగురుపోయేదాకా. చర్చివాళ్లు ఓ పాతికమంది విన్నారు. బోర్డు తరఫున అక్కడికి ఎవరూ రాలేదు.