చెయ్యి వేసి చూడని పొద్దున

తడిగుడ్డను అరచేతికి చుట్టుకుని గుమ్మం పెద్దమ్మ మనవరాలి మొహం తుడుస్తోంది. మామూలుగా అయితే ఆవిడకి గుడ్డతో పనిలేదు. కుళాయి కింద చెయ్యి పెట్టి, ఆ తడిచేత్తోనే బుగ్గలూ ముక్కూ ఒక్క ఊపులో రుద్దేస్తుంది. పిల్ల గింజుకుంటుంది, ఈవిడ నవ్వుతుంది. ఇవాళ మాత్రం గుడ్డ కావాల్సివచ్చింది. జుట్టు దువ్వేటప్పుడు దువ్వెనను చివర పట్టుకుంది. గౌను తొడగడానికి పిల్లను లేపినప్పుడు బనీను పట్టుకునే లేపింది. పిల్ల గింజుకోలేదు. రెండేళ్ళింకా నిండలేదు గాని, కళ్ళు తెరవగానే ఇల్లు పీకి పందిరి వేసే రకం. అలాంటిది ఇవాళ ఎలా కూర్చోబెడితే అలా కూర్చుంది. పెద్దమ్మ అది చూసింది. చూసి, గుండీలు పెట్టే పనిలో పడిపోయింది.

"రాత్రి ఒళ్ళు వెచ్చగా ఉందమ్మా," అంది కూతురు, తలుపు దగ్గర చెప్పులేసుకుంటూ. "ఒకసారి చెయ్యేసి చూడు. పోనీ నేనుండిపోనా ఇవాళ?"

"ఉండిపోతే ఆ కుట్టుమిషను నీకోసం అట్టిపెడతారా? చేరి నెల కాలేదు."

"అయితే నువ్వుండు."

"నేనుంటే నర్సరీ గుమ్మంలో ఎవరు నిలబడతారే? రెండో ఆయా చెల్లెలి పురుడని వెళ్ళి కూర్చుంది. నువ్వు బయల్దేరు, బస్సు పోతుంది. నేనున్నాగా."

ఆ ఇంట్లో అన్ని రోగాలకీ అదే మందు. భర్త పోయిననాడు చంకలో ఉన్న కూతురికి ఆ మాటే చెప్పింది. అల్లుడు చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయిననాడు అదే కూతురికి మళ్ళీ చెప్పింది. కూతురు ఇవాళా నమ్మింది. పిల్ల తలమీద ముద్దుపెట్టుకుని, ఒక్క క్షణం పెదవులు అక్కడే ఆనించి, గబగబా మెట్లు దిగిపోయింది.

పెద్దమ్మ పిల్లను దుప్పటిలో చుట్టి ఎత్తుకుంది. బయట చలి లేదు.

ఆవిడ అసలు పేరు నర్సరీలో చాలామందికి తెలియదు. చేరింది నేల తుడవడానికి. ఒకసారి ఒళ్ళు కాలిపోతున్న పిల్లాడెవరో లోపలికి వచ్చి, వారం తిరిగేసరికి గది మొత్తాన్నీ మంచాన పడేశాడు. గుమ్మంలో ఒక మనిషిని పెట్టాల్సిందేనని అప్పుడు తేలింది. టీచర్లందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తల్లిదండ్రుల మొహంమీదే "తీసుకెళ్ళిపోండి" అనడం అందరికీ చేతకాదు. నేల తుడుస్తున్న ఈవిడకి చేతనవుతుందని మాత్రం అందరికీ తెలుసు. ఆనాటినుంచి ఆవిడ చెయ్యి నుదుటిమీద పడకుండా ఏ పిల్లా లోపలికి పోలేదు. జ్వరం చూసే మర కూడా ఒకటి ఉంది, అది టీచరమ్మ బల్ల సొరుగులో ఉంటుంది. దాన్ని చూస్తే పిల్లలు గోల పెడతారని, చెయ్యి అనుమానపడితేనే బయటికి తీస్తారు. పొద్దున్నే జ్వరం మందు పట్టించి, ఏమీ ఎరగనట్టు తీసుకొచ్చే తల్లుల గుట్టూ ఆవిడకి తెలుసు. పిల్లాడి నోరు వాసన చూసి, తియ్యటి మందు వాసన తగిలితే మాటామంతీ లేకుండా సంచీ తిరిగి చేతిలో పెట్టేస్తుంది. ఏడ్చినవాళ్ళున్నారు, గదమాయించినవాళ్ళున్నారు, చాక్లెట్లతో బుట్టలో వేసుకోవాలని చూసిన ఒక తాతగారున్నాడు. ఎవరి పప్పులూ ఉడకలేదు.

ఆ చేతిని కాపాడుకోవడం కూడా ఆవిడకి ఒక పట్టింపు. గుమ్మంలో నిలబడేముందు టీ గ్లాసు పట్టుకోదు. వంటగదిలోకి పోదు. వేడి తగిలిన చేతికి వేడి నుదురు చల్లగానే తోస్తుందని, కొత్తగా చేరిన ఆయాలకి కూర్చోబెట్టి చెబుతుంది. ఇంకో నియమం కూడా ఆవిడ పెట్టిందే. పనిచేసేవాళ్ళ పిల్లల్ని వాళ్ళే చూసుకోకూడదు, పక్కవాళ్ళు చూడాలి. సొంతవాళ్ళ చెయ్యి అబద్ధమాడుతుందని ఆవిడ వాదం.

నర్సరీ తలుపు తీసేసరికి లోపల వంటావిడ ఒక్కతే ఉంది. టీచర్లు రావడానికి ఇంకా కాస్త వ్యవధి ఉంది. వాళ్ళు వచ్చేదాకా ఆగొచ్చు. కుళాయి దగ్గర చేతులు కడుక్కుని, ఆ చల్లటి వేళ్ళతో ఎవరో ఒకరు చూస్తారు. పెద్దమ్మ ఆగలేదు. నేరుగా వంటగది గుమ్మం దాకా వెళ్ళింది. వంటావిడ పొయ్యిమీది పాలగిన్నెను మసిగుడ్డతో దించుతోంది. రెండు చేతులూ ఎర్రగా కమిలి ఉన్నాయి.

"కాస్త దీన్ని చూడు," అంది పెద్దమ్మ.

వంటావిడ కొంగుకి చెయ్యి తుడుచుకుని పిల్ల నుదుటిమీద ఆనించింది. "చల్లగానే ఉంది వదినా. ఏం, నలతగా ఉందా?"

"ఏం లేదు. నియమం కదా."

"నీ నియమాలు సల్లగుండ," అని నవ్వి ఆవిడ పాలవైపు తిరిగింది.

పెద్దమ్మ పిల్లను చిన్నపిల్లల గదిలో చాపమీద పడుకోబెట్టింది. పక్క చాప ఒక పసివాడిది. నెలలు నిండకుండా పుట్టాడు, ఇప్పటికీ పిడికెడంత ఉంటాడు, తుమ్మితే తల్లి గుండె ఆగిపోతుంది. పెద్దమ్మ మనవరాలి చాపను కిటికీ వైపు బర్రున లాగేసింది. గాలి బాగా తగులుతుందని తనకి తానే చెప్పుకుంది. మళ్ళీ వెళ్ళి ఇంకాస్త లాగింది.

పిల్లలు రావడం మొదలైంది. చెయ్యి నుదుటినుంచి నుదుటికి పోతోంది. చెవులు మాత్రం వెనక గదిలో ఉన్నాయి. అక్కడ ఎవరైనా దగ్గితే ఈవిడ చెయ్యి గాలిలో ఆగిపోతోంది. చారల చొక్కా పిల్లాడి తల్లి వచ్చింది, దుకాణంలో నిలబడి అమ్మే అమ్మాయి. పిల్లాడి నుదురు కాస్త వెచ్చగా ఉంది. ఎండలో నడిచివచ్చాడో, దారిపొడవునా ఏడ్చాడో. ఇలాంటివాళ్ళని పక్కన కూర్చోబెట్టి, కాసేపాగి మళ్ళీ చూడటం పెద్దమ్మకి అలవాటు. ఇవాళ సంచీ తిరిగి ఇచ్చేసింది.

"తీసుకెళ్ళమ్మా."

"ఏడ్చాడు పెద్దమ్మా, అందుకే. కాసేపు కూర్చోబెట్టి చూడండి, మీరే చూస్తారుగా ఎప్పుడూ."

"ఇక్కడ ఇంకా పిల్లలున్నారు. తీసుకెళ్ళు."

ఆ అమ్మాయి పిల్లాణ్ణి చంకనేసుకుని ఫోను తీసి దుకాణానికి చేసుకుంటూ వెళ్ళిపోయింది. "లేదు సార్, ఇవాళొక్కరోజు సార్," అన్న మాట వీధి మలుపు దాకా వినబడింది. పెద్దమ్మ తర్వాత వచ్చిన పిల్ల నుదుటిమీద చెయ్యి వేసింది. ఆ చేతికి ఏం తెలిసిందో ఆవిడకే తెలియదు.

తలుపు మూశాక లోపలికి పోయి చూడొచ్చు. పాలు తాగించడం అయ్యాక పోదామనుకుంది. పాలయ్యాక పాటల వేళ, అది అయ్యాక పోదామనుకుంది. ఎవరో కుళాయి బాగుచెయ్యడానికి వస్తే, ఎన్నడూ లేనిది అతని వెంట నిలబడి ఎక్కడ కారుతోందో చూపించింది. చిన్నపిల్లల టీచరు అటుగా పోతూ ఆగింది.

"మీ మనవరాలు ఇవాళ భలే బుద్ధిగా ఉంది పెద్దమ్మా. చాపమీంచి కదల్లేదు."

"పాలు తాగిందా?"

"సగం. మిగతాది వదిలేసింది. రాత్రి నిద్రలేదేమో కదా?"

"ఆ, నిద్రలేదు," అంది పెద్దమ్మ. ఆ టీచరు చిన్నది, తనని నమ్మి పనిచేస్తోంది. గుమ్మం దాటి లోపలికి వచ్చిన పిల్లకి జ్వరం ఉండదని ఆమె ధీమా. ఆ ధీమా తన చేతిమీదే నిలబడి ఉంది.

మధ్యాహ్నం పిల్లలందరినీ పడుకోబెట్టి కిటికీ తెరలు దించారు. ఇక వంకలు మిగల్లేదు. పెద్దమ్మ గదిలోకి వెళ్ళి కిటికీ పక్కన మోకాళ్ళమీద కూర్చుంది. పిల్ల నోరు తెరుచుకుని ఊపిరి గబగబా తీస్తోంది, పెదవులు ఎండిపోయాయి. మెడ దగ్గర గౌను తడిసి అంటుకుపోయింది. ఆవిడ కుడిచెయ్యి ఎత్తి, వెనక్కి తీసుకుని, మళ్ళీ ఎత్తి, నుదుటిమీద వేసింది.

వేసిన చెయ్యి తియ్యడానికి ఆవిడకి భయమేసింది.

"అమ్ములూ," అంది. పిల్ల పలకలేదు. "అమ్ములూ, కళ్ళు తెరువమ్మా." బుగ్గమీద తట్టింది. భుజం కదిపింది. తల ఒక పక్కకి వాలిపోయింది. ఇన్నేళ్ళలో ఎందరు పిల్లల దగ్గర ఎంత నిబ్బరంగా ఉందో, ఆ నిబ్బరమంతా ఎటుపోయిందో, "టీచరమ్మా" అని అరిచిన గొంతు తనదని కూడా ఆవిడకి తెలియలేదు. తడిగుడ్డ వచ్చింది, మర వచ్చింది. మరలో అంకె చూసి టీచరు మొహం పాలిపోయింది. అరికాళ్ళూ మెడా తుడుస్తుంటే పిల్ల కళ్ళు సగం విప్పింది, ఎవరో కొత్త మనిషిని చూసినట్టు చూసింది, తర్వాత మొహం ముడిచి ఏడవడం మొదలుపెట్టింది. పెద్దమ్మ ప్రాణం లేచివచ్చింది. పిల్ల ఏడిస్తే ఇంత సంతోషపడతారా అని ఎవరైనా అనుకుంటే అనుకోనీ.

నర్సరీ నడిపే మేడంగారు వచ్చింది. ఏడుపుకి లేచిన పసివాణ్ణి ముందు పై గదికి పంపించింది. వాళ్ళమ్మకి ఫోను చెయ్యమని చెప్పి, అప్పుడు అడిగింది.

"పొద్దున ఈ పాపని ఎవరు చూశారు?"

వంటావిడ తలుపు దగ్గరే నిలబడి ఉంది. చెయ్యి కొంగులో దాచుకుంది. "నేనేనండి. చల్లగానే ఉందండి. ఒట్టు, చల్లగానే తగిలిందండి నాకు." పనిపోతుందని భయం, పిల్లకి ఏమైనా అవుతుందని అంతకంటే భయం.

అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. నియమం ప్రకారమే పక్కవాళ్ళు చూశారు, చెయ్యి పొరబడింది, ఎవరికైనా జరిగేదే. పెద్దమ్మ పిల్లను భుజానికెత్తుకుని వంటావిడవైపు చూసింది.

"దాని తప్పు లేదు మేడం. పొయ్యి దగ్గర ఉన్న చెయ్యి అది. దానికేం తెలుస్తుంది? తెలియదని తెలిసే అడిగాను."

వంటావిడ కొంగులోంచి చెయ్యి బయటికి తీసి చూసుకుంది.

"పొద్దున్నించీ నేను పిల్లమీద చెయ్యి వెయ్యలేదు," అంది పెద్దమ్మ మళ్ళీ. "వేస్తే తెలిసిపోతుందని. నేను రాకపోతే గుమ్మం పాడైపోతుందనుకున్నాను. ఆ చారల చొక్కావాడి అమ్మకి ఫోను చేసి చెప్పండి మేడం. వాడికేం లేదు. ఇంకోరోజైతే కూర్చోబెట్టి మళ్ళీ చూసేదాన్ని."

మేడంగారు ఆటో పిలవమని టీచరుకి సైగ చేసింది. "ముందు డాక్టరు దగ్గరికి వెళ్ళండి పెద్దమ్మా. మిగతావి రేపు మాట్లాడుకుందాం."

"రేపు గుమ్మంలోకి ఇంకెవరినైనా చూసుకోండి," అంది పెద్దమ్మ. కోపంగా అనలేదు, ఏడుస్తూ అనలేదు. "నా చేతిని ఇక నేనే నమ్మను."

చిన్నపిల్లల టీచరు ఆటో కోసం వీధిలోకి పరిగెత్తింది. వంటావిడ పిల్లను కాసేపు ఎత్తుకుంది, తన చేతులు తగలకుండా దుప్పటి అడ్డం పెట్టుకుని. ఆ వ్యవధిలో పెద్దమ్మ నడుం వెనక ముడి విప్పి ఏప్రన్ తీసింది, మడవబోయి, ఆటో హారన్ విని గుమ్మం పక్క కుర్చీమీద అలాగే వదిలేసింది. పిల్లను అందుకుంది. ఈసారి దుప్పటి పక్కకి తోసి, కాలుతున్న నుదురుని తన మెడకి ఆనించుకుని, గుమ్మం దాటి వెళ్ళిపోయింది.

సాయంత్రం పిల్లల్ని తీసుకెళ్ళడానికి వచ్చినవాళ్ళు పెద్దమ్మ ఏదని అడిగారు. అడిగిన ప్రతివాళ్ళూ గుమ్మం పక్కనున్న కుర్చీవైపు ఒకసారి చూశారు. కుర్చీ వీపుమీద ఏప్రన్ వంకరగా వేలాడుతోంది. దాని ఎడమ భుజంమీద, పిల్ల నోరు ఆనినచోట, తడి ఇంకా ఆరలేదు.