గరాజ్‌లోకి మార్చిన పెట్టెలు

లీల ఆంటీ ఫోన్ చేసినప్పుడు నేను ఆఫీసులో ఉన్నాను. మా ఇర్వింగ్ ఊరి చుట్టుపక్కల పాత వీడియో గేమ్ వస్తువులకు వెల కట్టే తెలుగువాళ్లు వేరే ఎవరూ దొరకలేదని ఎవరో నా నంబరిచ్చారట. వారమంతా నాది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. శని ఆదివారాల్లో ఈ పని. బొమ్మలు, పోస్టర్లు, అన్నిటికన్నా ఎక్కువగా స్ట్రాటజీ గైడ్లు. ఇంటర్నెట్ ఇంతగా లేని రోజుల్లో, ఆటలో ఏ గదిలో ఏముందో, ఏ తలుపు ఎలా తెరుచుకుంటుందో పటాలతో సహా చెప్పిన పుస్తకాలవి. చాలామంది పిల్లలు వాటిని చింపి పారేశారు. నలగకుండా మిగిలినవాటికి ఇప్పుడు మంచి ధర.

"మా అబ్బాయి రోహన్ దాచుకున్నవమ్మా అవి. ఫిబ్రవరిలో హైవే మీద యాక్సిడెంట్‌లో పోయాడు" అంది ఆవిడ. "ముప్పై ఏడేళ్లు వాడికి. ఒక్కసారి వచ్చి చూడు. ఎంత చేస్తాయో రాసివ్వు."

మే నెల మొదటి శనివారం పొద్దున వెళ్లాను. తలుపు తీసింది ఆవిడ భర్త హరనాథ్ గారు. డెబ్బై ఆరేళ్ల మనిషి, వంతెనల ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. చేతిలో ప్రింట్ తీసిన కాగితాలున్నాయి. రోహన్ తన లాప్‌టాప్‌లో రాసుకున్న పట్టిక అది. నాలుగు వందల పన్నెండు వస్తువులు. ఒక్కోదానికి కొన్న తేదీ, ఉన్న స్థితి, ధర. మొత్తం దాదాపు నలభై వేల డాలర్లు.

"వాడు బతికున్నన్నాళ్లూ చెత్త అన్నాను దీన్ని" అన్నారాయన. "ఇప్పుడు అమ్మి, వాడి పేరుమీద ఒక స్కాలర్‌షిప్ పెడదామని. అందుకే నిన్ను పిలిపించాను."

పెట్టెలు గరాజ్‌లో, వాటర్ హీటర్ పక్కన ఉన్నాయి. పద్దెనిమిది అట్టపెట్టెలు, మూడు వరసలు. దగ్గరికి వెళ్లగానే వాసన తగిలింది. ఈ పనిలో ఉన్నవాళ్లెవరికైనా ఆ వాసన తెలుస్తుంది. పైవరసలో మొదటి పెట్టె తెరిచాను. పుస్తకాల అంచులు ఉబ్బి ఉన్నాయి. రెండో వరసలో బూజు. కింది వరస పెట్టెను లేపబోతే అడుగుభాగం నేలకే అతుక్కుని ఉండిపోయింది. గైడ్లు నున్నటి కాగితం మీద అచ్చేస్తారు. ఒకసారి తడిస్తే పేజీలు జిగురు పెట్టినట్టు అంటుకుపోతాయి. ఒక పుస్తకం తెరవబోతే మధ్యకు చీలింది.

"ఇవి ఇక్కడెప్పట్నుంచి ఉన్నాయంకుల్?"

"రెండేళ్లు. అంతకుముందు వాడి గదిలో ఉండేవి. మా అమ్మాయి నమ్రత వాళ్లు ఎండాకాలానికి వచ్చారు, గది కావాల్సొచ్చింది. పోయిన డిసెంబరులో ఈ హీటర్ లీకైంది. నేలంతా తుడిచాను. పెట్టెలు పైకి పొడిగానే కనిపించాయి."

నేను చేతికి గ్లవ్స్ తొడుక్కుని ఒక్కొక్కటే తీసి చూడసాగాను. ఆయన మడతకుర్చీ వేసుకుని పక్కనే కూర్చున్నారు. గంట తర్వాత, బాగున్న కొద్దిపాటి పుస్తకాల్లో ఒకదాని నలభై ఒకటో పేజీలో, గుహ పటం పక్కన పెన్సిల్ రాత కనిపించింది. పిల్లవాడి ఇంగ్లీషు అక్షరాలు. ఈ దారి డాడ్ కనిపెట్టాడు, అని.

ఆయన పుస్తకం తీసుకుని కళ్లజోడు పైకెత్తి చదివారు. "మంచు పడి మూడు రోజులు రోడ్లు మూసేశారు" అన్నారు. "వాడికి ఎనిమిదేళ్లుంటాయి. నేను మ్యాప్ చదివి చెబితే వాడు ఆడాడు. పుస్తకంలో వేసిన దారి తప్పు. నేను ఇంకోటి చెప్పాను." కాసేపు ఆ పేజీ మీదే చెయ్యి పెట్టుకుని కూర్చుని, తిరిగి నాకిచ్చారు.

నేను అలవాటుకొద్దీ నా కాగితంలో, లోపాలు అన్న చోట, 'పెన్సిల్ రాత, పే. 41' అని రాశాను. రాశాక గాని ఏం రాశానో నాకు తెలియలేదు.

చేతులు కడుక్కోవడానికి లోపలికెళితే లీల ఆంటీ వంటింట్లో నిలబడి ఉంది.

"పాడైపోయాయి కదూ?" అంది.

"మీకు ముందే తెలుసా ఆంటీ?"

"వాడు పోయిన వారానికే తెరిచి చూశాను. వేడికి పాడైపోతాయి నాన్నా, గరాజ్‌లో పెట్టొద్దని వాడు ఎంత చెప్పాడో. ఈయన వినలేదు. ఆ నెలలోనే అపార్ట్‌మెంట్ తీసుకుని వెళ్లిపోయాడు. ఒకటే గది, పెట్టెలకు చోటు లేదు. అక్కణ్ణుంచే రోజూ ఆ హైవే మీద ఆఫీస్‌కి డ్రైవ్ చేసేవాడు. ఇక్కడే ఉండుంటే ఆ రోడ్డెక్కే పనే లేదు." ఆవిడ గొంతు పెంచలేదు. "నేను చెబితే ఆయన చెవికెక్కదు. నువ్వు లెక్క చెప్పు. లెక్కలైతే వింటారు."

నన్నెందుకు పిలిచారో అప్పుడర్థమైంది. చెప్పకుండా దాటేద్దామనుకునే బయటికొచ్చాను.

"ఎంతమ్మా?" అన్నారాయన.

"మార్కెట్ ఇప్పుడు బాగా డల్‌గా ఉందంకుల్. ఇంకొన్నాళ్లు ఆగితే..."

"నేను నలభై ఏళ్లు వంతెనలు ఇన్‌స్పెక్ట్ చేశాను. పగులుంటే పగులుందనే చెప్పాలి."

చెప్పాను. అమ్మడానికి పనికొచ్చేవి ముప్పై ఒకటి. అన్నీ కలిపి తొమ్మిది వందల డాలర్లు రావచ్చు. మిగిలినవి ఊరికే ఇచ్చినా ఎవరూ తీసుకోరు.

"గదిలోనే ఉంచి ఉంటే?"

ఆంటీ గరాజ్ తలుపు దగ్గరికొచ్చి నిలబడింది. నేను ఆమె వైపు చూడలేదు.

"రోహన్ రాసిన ధరలు తక్కువే అంకుల్. నలభై వేలు దాటేవి."

"హీటర్ లీకైన రోజే తెరిచి ఆరబెట్టుంటే?"

"సగమన్నా దక్కేవి."

ఆయన తలూపారు. చేతిలో కాగితాలు రెండుగా, నాలుగుగా మడిచారు. "ఆ వారమే వాడు ఫోన్ చేశాడు" అన్నారు. "నీళ్లు పెట్టెలకు తగల్లేదు కదా నాన్నా, నన్ను రమ్మంటావా, అని. తగల్లేదు, నువ్వు రానక్కర్లేదు అన్నాను. తెరిచి చూడకుండానే అన్నాను."

ఆ మాట ఆంటీకి తెలియదు. ఆమె ముఖం చూస్తే తెలిసింది. కొడుకు చివరి శీతాకాలంలో ఒకసారి ఇంటికి రాబోయి ఆగిపోయాడన్న మాట. ఆంటీ లోపలికెళ్లి తలుపేసుకుంది. గడియ పడిన చప్పుడు మా ఇద్దరికీ వినిపించింది.

"రిపోర్ట్ ఇప్పుడే రాసిచ్చెయ్యమ్మా" అన్నారాయన. "ఎలా పాడయ్యాయో కూడా రాయి."

నీటివల్ల, తేమవల్ల, అని రాశాను.

"ఎవరివల్లో రాయలేదు."

"అది రిపోర్ట్‌లో రాయరంకుల్."

నేను కారెక్కేటప్పటికి ఆయన గరాజ్ బయటే నిలబడి ఉన్నారు, తెరిచి ఉంచిన పెట్టెల ముందు. ఇంట్లోకి ఎలా వెళ్లాలో తెలియని మనిషిలా ఉన్నారు.

సెప్టెంబరులో ఆంటీ మళ్లీ ఫోన్ చేసింది. బాగున్నవి ఎవరికైనా ఇచ్చెయ్యమంది. పాడైనవి సిటీ చెత్త ట్రక్ వచ్చి తీసుకెళ్లిందట.

"అంకుల్ ఎలా ఉన్నారు?"

"మోరిస్‌విల్‌లో అమ్మాయి నమ్రత దగ్గర ఉంటున్నారు. నేనే వెళ్లమన్నాను."

"మళ్లీ ఎప్పుడొస్తారు?"

"తెలీదమ్మా. వచ్చేదుంటే చెబుతారు."

"నేనారోజు చెప్పకుండా ఉండాల్సింది, ఆంటీ."

"అడిగింది చెప్పావు. నిన్ను తప్పుపట్టడానికేముంది?" అంది. మళ్లీ తనే, "ఆయన దాచిన మాట ఒకటుందని నాకు తెలీదు. తెలిస్తే నిన్ను పిలిచేదాన్నే కాదు" అంది.

ఆవిడ ఫోన్ పెట్టెయ్యలేదు, నేనూ పెట్టలేదు. అటువైపు ఇంట్లో ఏ చప్పుడూ లేదు. కాసేపటికి డోర్‌బెల్ మోగింది.

"సరుకులొచ్చినట్టున్నాయి. ఉంటానమ్మా" అంది.