కరెంటుకి వంతు

కిందటేడాది మా మోటారు కాలిపోయింది కరెంటు లేక కాదు, కరెంటు చాలక. వోల్టేజీ తగ్గి స్టార్టరు కొట్టేసి మోటారు ఆగినప్పుడల్లా మా అబ్బాయి గంగరాజు పచ్చబొత్తాం నొక్కిపెట్టి, అది పైకి లేవకుండా వేపపుల్ల దోపేవాడు. మోటారు మూలిగి మూలిగి ఒకరోజు పొగ కక్కింది. అందుకే కొత్త మోటారు తెచ్చినప్పుడు షెడ్డు గోడకి ఎలక్ట్రానిక్ పెట్టె ఒకటి పెట్టించాను. వోల్టేజీ చాలినంతసేపూ అందులో పచ్చదీపం. తగ్గిందా, ఎర్రదీపం వెలుగుతుంది, పక్కనున్న బ్రేకరు టక్కున పడిపోతుంది.

ఈ ఏడు రెండో పంట, దాళ్వా వరి, పొట్టమీదుండగా కాలవ ఆగిపోయింది. మావి పెనుగొండ దిగువన చివరి భూములు, ఇక బోరే దిక్కు. తీరా కరెంటు వచ్చాక ట్రాన్స్‌ఫార్మరు కింది మోటార్లన్నీ ఒక్కసారే లేస్తాయి, మా బ్రేకరు పడిపోతుంది.

ఆ ఉదయం గంగరాజు కటింగ్ ప్లేయరు పట్టుకొచ్చాడు.

“పెట్టె తీగ పీకేసి పుల్ల దోపేస్తానమ్మా. ఈ ఒక్క తడికే.”

నేను బకెట్టు బోర్లించి పెట్టె ముందు కూర్చున్నాను. “పీకు. ముందు నన్ను లేపు.”

“చేను ఎండిపోతే నీ పెట్టె అన్నం పెడుతుందేంటి?”

“కాలిన మోటారు పెట్టిందేంటి?”

వాడు గొణుక్కుంటూ గట్టు మీదికి పోయాడు. నేను కదలలేదు. కాసేపటికి పక్కచేలో వీరబ్రహ్మం, పైపు ఊడిందని కాబోలు, మోటారు ఆపాడు. ఆపాడో లేదో, ఎర్రదీపం పచ్చబడింది! అతను మళ్ళీ వేశాడు, మళ్ళీ ఎర్రబడింది. నాకు విషయం తెలిసిపోయింది. చెప్పులు కూడా వేసుకోకుండా వాళ్ళ షెడ్డుకి నడిచాను.

“కాలవ నీళ్ళకి వంతులేసుకునేవాళ్ళం కదా నాయనా, కరెంటుకీ వేసుకుందాం.”

వీరబ్రహ్మం నవ్వాడు. “మీ పెట్టెకి నీరసమొస్తే నా మోటారు ఆపాలా పిన్నిగారూ? నాది శుభ్రంగా తిరుగుతోందండి.”

“శుభ్రంగానా? చెయ్యి పెట్టు దానిమీద.”

పెట్టి, చురుక్కుమనేసరికి తీసేసుకున్నాడు. స్టార్టరుకి దోపిన పుల్ల వంక చూశాడు. “మీరు వంతు తప్పితేనో?”

“తప్పను. వంతు అయిపోగానే నా చేత్తో నేనే ఆపుతాను.”

మిగతా షెడ్లకి మేమిద్దరమూ వెళ్ళాం. తిట్టినవాళ్ళు తిట్టారు. ఒప్పుకునేదాకా నేను గుమ్మం దిగలేదు.

మొదటి వంతు మాకిచ్చారు. పచ్చదీపం ఆరలేదు, బోరు నీళ్ళు ధారగా పడ్డాయి. వంతు ముగిసేసరికి మాత్రం ఆఖరి మడి ఇంకా నెర్రెలిచ్చే ఉంది.

“అమ్మా, కాసేపుండు! అదొక్కటే మిగిలింది!” గంగరాజు గట్టు మీంచి అరిచాడు.

నాకు మాత్రం ఆ మడి మీద ఆశ లేదా? అయినా మాట ఇచ్చింది నేను. ఎర్రబొత్తాం నొక్కేశాను.

మర్నాడు మా వంతుకి ఆ మడే ముందు తడిపాం. వీరబ్రహ్మం వచ్చి, తన స్టార్టరు పుల్ల నా చేతిలో పెట్టాడు.

“మీ పొయ్యిలోకి పనికొస్తుందండి పిన్నిగారూ.”