మూడో పెడల్

షుగర్ ముదిరి ఎడమకాలు మోకాలి పైదాకా తీసేశాక, డెట్రాయిట్‌లో ఆర్విల్‌కి మిగిలిన సంబరమల్లా చనిపోయిన భార్య నడిపిన పెద్ద ఇంజనున్న పాత మజిల్ కారే. అది ఆటోమేటిక్, ఎడమకాలితో తొక్కే క్లచ్ ఉండదు, కుడికాలొక్కటి ఉంటే చాలు. ఆడాళ్ళ బండి అని ఒకప్పుడు దాన్ని ఈసడించిందీ అతనే. గేర్లు జారుతున్నాయంటే కొడుకు వెండెల్ బాగుచేసి తెస్తానని తీసుకెళ్ళాడు.

ఆగస్టులో వాళ్ళ ఇంటి ముందరి వుడ్‌వర్డ్ రోడ్డు మీద పాత కార్లన్నీ ఊరేగే రోజున, సరిగ్గా ఊరేగింపు వేళకి, కారు తెచ్చి గుమ్మం ముందు నిలబెట్టాడు. ఊరేగింపు చూడ్డానికి వేసుకున్న మడత కుర్చీల్లోంచి లేచి ఇరుగుపొరుగంతా మూగారు.

ఆర్విల్ చంకకర్ర మీద వాలి లోపలికి తొంగిచూశాడు. కింద మూడు పెడళ్ళున్నాయి.

"ఇదేంట్రా?"

"మాన్యువల్‌కి మార్చేశా నాన్నా. క్లచ్ తొక్కడం రానోడు మగాడే కాదన్నావుగా. నేను నేర్చుకునేటప్పుడు ఈ రోడ్డు మీదే ఇంజను ఆగిపోతే, జనం చూస్తున్నారు దిగరా అని నీ ట్రక్కులోంచి గెంటేశావు."

"పాత గేర్‌బాక్సేదీ?"

"తుక్కుకేశా."

వెండెల్ తాళాలు తండ్రి చేతిలో పెట్టి, తలుపు బార్లా తెరిచి పట్టుకున్నాడు.

"ఎక్కు నాన్నా. జనం చూస్తున్నారు."